వరంగల్ చుట్టూ గాలం ఎక్కడ వేయాలి: చెరువా, వాగా, గోదావరా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బదిలీ మీద హనుమకొండ వచ్చారు, కొత్తగా రాడ్డూ రీలూ కొన్నారు, పన్నెండేళ్ల బాబు కూడా వెంట వస్తానంటున్నాడు. ఆదివారం పూట పోయి రావడానికి చెరువులు మంచివా, గోదావరి మంచిదా, లేక బురద కుంటల్లో ఎక్కువ పడతాయా, అలవాటున్నవాళ్లకు ఇష్టమైన చోట్లు ఏవి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి ఏడాది ఏదైనా ఒక్క ఊరి చెరువు పట్టుకోండి. అందులో తూము పక్కన కూర్చోండి. అక్కడ పడకపోతే వాగు వచ్చి కలిసే మూలకు మారండి. ఎండాకాలం చెరువులు తగ్గాక మానేరు, ఆకేరు మడుగులకు పోవచ్చు. గోదావరికి తెలిసిన మనిషి తోడుంటేనే, అదీ జనవరి దాటాక. బురద కుంటలు నాకు అన్నిటికంటే ఇష్టం, కానీ అవి కొర్రమట్ట (కొరమేను) కోసం. గాలం చేతికి అలవాటు కాకుండా అక్కడికి పోతే తుంగలో దారం తెంపుకోవడమే పని అవుతుంది.

మాది నర్సంపేట దగ్గర ఊరు. మా బాపు గాలం వేసేవాడు, నేనూ అదే పట్టుకున్నాను. వల పని నాకు పెద్దగా తెలియదు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా గాలం సంగతే.

ముందు అనుమతి మాట. ఇది చాలామంది చివర్లో రాస్తారు, నేను మొదట్లోనే రాస్తాను. మన దగ్గర ఊరి చెరువు చేపలు ఎవరివీ కానివి అనుకోవద్దు. చెరువులో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘానికి ఉంటుంది. ముదిరాజ్‌లు, గంగపుత్రులు అందులో సభ్యులు. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇచ్చి చెరువుల్లో వదిలిస్తోంది. వాటిని పెంచి, కాపలా కాసి, ఎండాకాలం వల వేసి అమ్ముకుంటేనే వాళ్లకు నాలుగు పైసలు. కాబట్టి రవ్వ, బొచ్చె, మృగాల, బంగారుతీగ, గడ్డిచేప అంటే వాళ్ల పంట. జిలేబీ (తిలాపియా), జెల్ల, పరకలు, కొర్రమట్ట, వాలుగ, పాపెర లాంటివి చాలాచోట్ల వాటంతట అవే పెరుగుతాయి. కొన్ని ఊళ్లలో "పెద్దవి పడితే వదిలేయండి, జిలేబీ ఎంతైనా పట్టుకోండి" అంటారు. కొన్నిచోట్ల రోజుకు ఇంత అని తీసుకుంటారు. కొన్నిచోట్ల వద్దే వద్దు. వద్దంటే నమస్తే పెట్టి వచ్చేయాలి, వాదన పెట్టుకోవద్దు. అడగడానికి కట్ట మీద గుడిసెలో ఉండే కాపలా ఆయన దగ్గరికి పోండి, ఉత్తి చేతులతో పోండి. రాడ్డు భుజాన వేసుకుని అడిగితే అప్పటికే వేసి వచ్చారనుకుంటారు.

ఇక అసలు సంగతి. "మంచి చెరువు పేరు చెప్పన్నా, చాలు" అని అడిగేవాళ్లే ఎక్కువ. పేరు చెప్తే లాభం తక్కువ. ఒకే చెరువులో ఒక మూల కూర్చున్నవాడు సంచి నింపుకుంటాడు, ఇంకో మూల కూర్చున్నవాడు ఎండ తింటాడు. అందుకే చెరువు ఎట్లా కట్టారో చూడటం నేర్చుకోవాలి.

మన చెరువులు ఎక్కువ భాగం కాకతీయుల నాటి పద్ధతి. రెండు ఎత్తుల మధ్య కట్ట వేసి వాగును ఆపారు. కాబట్టి కట్ట దగ్గర లోతు, వెనక్కి పోయినకొద్దీ పలచన, చివర నీళ్లు తగ్గితే తేలే శిఖం భూమి. కట్టకు లోపలి వైపు రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాళ్లకు నాచు పడుతుంది, దాన్ని గీక్కుని తినడానికి రవ్వలు వస్తాయి. కట్టలో అన్నిటికంటే లోతుగా ఉండేది తూము దగ్గర. యాసంగి పంటకు నీళ్లు వదిలినప్పుడు అక్కడ నీరు మెల్లగా కదులుతుంది, ఆ కదలికకు తిండి కొట్టుకొస్తుంది, చిన్న చేపలు చేరతాయి, వాటి వెంట పెద్దవి. తూము మూసినా ఆ లోతు ఎటూ పోదు కదా. అందుకే ఏ చెరువుకు పోయినా నేను ముందు తూము ఎక్కడుందో అడుగుతాను. పెద్ద చెరువులకు రెండు మూడు తూములుంటాయి. నడిమి తూము దగ్గర జనం బట్టలు ఉతుకుతారు, బర్రెలను తోలుతారు. మూలన ఉన్న తూము ప్రశాంతంగా ఉంటుంది. ఒక జాగ్రత్త: తూము గోడ మీద కూర్చోవద్దు. నీళ్లు లాగుతున్నప్పుడు తూము నోటి దగ్గర దిగడం అస్సలు వద్దు. పదిహేను, ఇరవై అడుగులు పక్కకు జరిగి వేయండి.

రెండో చోటు వాగు కలిసే మూల. ఇది శిఖం వైపు, కట్టకు ఎదురుగా ఉంటుంది. వాన పడ్డ మర్నాడు పైనుంచి ఎర్రనీళ్లు దిగుతాయి, వాటితో పురుగులు, వానపాములు కొట్టుకొస్తాయి. జెల్లలు, వాలుగలు ఆ మురికినీటికీ తేటనీటికీ మధ్య గీత ఉంటుంది చూడండి, అక్కడ తిరుగుతాయి. ఎర్ర (వానపాము) గుచ్చి, చిన్న సీసం గుండు కట్టి అడుగున పడేయడమే. నీటి మీద తేలే బెండు అక్కర్లేదు.

మూడోది, ఎవరూ పట్టించుకోని చోటు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల్లో పూడిక తీశారు, రైతులు నల్లమట్టి ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. ఎక్కడ మట్టి బాగుంటే అక్కడ ఎక్కువ తోడారు. దాంతో శిఖంలో అక్కడక్కడా గుంతలు మిగిలాయి. చెరువు నిండాక పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు. కింద మాత్రం నడుము లోతు మధ్యలో ఒక్కచోట రెండు నిలువుల లోతుంటుంది. చలికాలం పొద్దున, ఎండాకాలం మధ్యాహ్నం చేపలు ఆ గుంతల్లోనే ఉంటాయి. మే నెలలో చెరువు ఎండినప్పుడు ఒకసారి నడిచి రండి, ఫోన్లో ఆ గుంతల గుర్తులు పెట్టుకోండి. ఒడ్డున ఉన్న తాటిచెట్టో, మోటరు షెడ్డో గుర్తుగా ఫొటో తీసుకోండి. దసరా దాటాక అదే చెరువు మీకు వేరేగా కనిపిస్తుంది. మా ఊరి చెరువులో నా చోటు అట్లాంటిదే. కట్ట మీది నుంచి చూస్తే అక్కడ ఎందుకు కూర్చున్నానో ఎవరికీ అర్థం కాదు. ఒకటి గుర్తుంచుకోండి, ఇవే గుంతలు ఈతకు దిగిన పిల్లల ప్రాణాలు తీస్తాయి. బాబును తీసుకుపోతున్నారు కాబట్టి చెప్తున్నాను, మోకాలి లోతే కదా అని లోపలికి నడవనివ్వద్దు.

మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు, దాని గురించి కూడా అడుగుతారు. వానాకాలం మత్తడి దుంకుతుంటే చేపలు ఎదురెక్కుతాయి, జనం బుట్టలు, చీరలు, దోమతెరలు పట్టుకుని దిగుతారు. చూడటానికి జాతరే. నేను ఆ రోజుల్లో పట్టను. అవి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలు. పైగా పాచి పట్టిన రాతి మీద కాలు జారితే మనిషి దొరకడు. మత్తడి ఆగిపోయిన వారం పది రోజులకు దాని కింద మడుగు మిగులుతుంది. అప్పుడు పోండి. జెల్లలు, పరకలు, అదృష్టం బాగుంటే పాపెర.

మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు, దాని నీళ్లు ఇంకా కిందికి. వానలు బాగా పడ్డ ఏడాది పై చెరువుల్లో వదిలిన పిల్లలు కొన్ని నీళ్లతో పాటు దిగిపోతాయి. ఆ ఏడాది గొలుసులో కింద ఉన్న చెరువులో రకరకాల చేపలుంటాయి, వానలు తక్కువైన ఏడాది పై చెరువుల్లోనే మిగులుతాయి. ములుగు రోడ్డులో కటాక్షపూర్ చెరువు తెలుసు కదా, భారీ వానలకు మత్తడి నీళ్లు హైవే మీదికే వస్తాయి. అట్లాంటి చెరువు పొంగిన ఏడాది దాని కింద కుంటల్లో, వాగులో కూడా చేప ఉంటుందని లెక్క వేసుకోవచ్చు.

పెద్ద పేర్ల సంగతి తొందరగా తేల్చేస్తాను. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, మొసళ్లున్నాయి. అటవీశాఖను కాదని అక్కడ గాలం బయటికి తీస్తే కేసవుతుంది. 1972 వన్యప్రాణి చట్టం అంటే ఆటలు కాదు. పిల్లాడిని తీసుకుని చూసి రండి, అంతే. లక్నవరం, రామప్ప దగ్గర బోట్లూ టూరిస్టులూ, ఆదివారం ఒడ్డున ప్రశాంతంగా కూర్చునే చోటు దొరకదు. వడ్డేపల్లి, ధర్మసాగర్ నగరానికి తాగునీళ్లిచ్చేవి, వాటి జోలికి పోవద్దు. భద్రకాళి చెరువును పూడిక తీయడానికి 2024 చివర్లో ఖాళీ చేశారు. అంతకుముందు కూడా మురుగు కలిసే నీళ్లలో చేప పట్టి ఇంటికి తెచ్చే మనసు నాకు కలగలేదు. వీటన్నిటినీ వదిలేసి నర్సంపేట, పరకాల, ములుగు, వర్ధన్నపేట వైపు పోతే దారి పొడవునా పేరులేని చెరువులున్నాయి. నాకు తగిలిన మంచి చేపలన్నీ అట్లాంటి వాటిలోనే.

ఇప్పుడు కుంటలు. మీరు బురద మడుగులు అన్నారు. కోస్తాలో లాగా ఎకరాలకు ఎకరాలు చిత్తడి నేలలు మన దగ్గర లేవు. మనకున్నవి చెరువు కట్ట కింద ఊటకు జాలు పట్టిన పొలాలు, తుంగ మొలిచిన గుంటలు, తామరాకు కప్పేసిన పాత కుంటలు, వాగు దారి మార్చుకున్నప్పుడు పక్కన మిగిలిన మడుగులు. చూస్తే అందులో చేప బతుకుతుందా అనిపిస్తుంది. బతుకుతుంది, కొర్రమట్ట. మన రాష్ట్ర చేప అదే. దానికి నీళ్లలో గాలి సరిపోకపోయినా బాధ లేదు, పైకి వచ్చి నోటితో గాలి మింగి పోతుంది. మార్పు, ఇంగిలాయి అనే చేపలు కూడా అంతే. రవ్వ ఊపిరాడక చచ్చే నీళ్లలో ఇవి హాయిగా ఉంటాయి.

కాబట్టి కుంట దగ్గరికి పోగానే గాలం తీయవద్దు. ఒక పావుగంట నీడన నిలబడి నీళ్లు చూడండి. తుంగ మొదట్లో "గుబుక్" మని చిన్న చప్పుడు, ఒక సుడి. కాసేపటికి అదే చోట మళ్లీ. అది గాలి మింగడానికి వచ్చిన కొర్రమట్ట. అది చాలాసార్లు ఉన్న చోటే ఉంటుంది, ఊరంతా తిరిగే చేప కాదు. ఆ సుడికి నాలుగడుగులు అవతల ఎర వేసి మెల్లగా లాక్కుంటూ ఆకు అంచుకు తేవాలి. నెత్తిన పడేస్తే బెదిరి పోతుంది. ఆకుల మధ్య ఖాళీలు, తుంగకూ తేటనీటికీ మధ్య అంచు, ఒరిగిన తుమ్మచెట్టు నీడ — ఈ మూడే నేను వెతికేవి. దారం గట్టిది కావాలి, అల్లిన దారమైతే మేలు. పట్టగానే అది తుంగలోకి తలదూర్చి చుట్టేసుకుంటుంది, అక్కడ మెల్లగా ఆడిద్దాం అంటే కుదరదు. పాత పద్ధతిలో బతికున్న కప్పను గుచ్చేవాళ్లు. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, అవే వాడండి. గాలం ముల్లు పైకి తిరిగి ఉండటంతో ఆకుల్లో చిక్కదు. కప్పలను పట్టడం వల్ల పొలానికి నష్టం, కొన్ని రకాలకు చట్టం కూడా అడ్డం వస్తుంది.

వానాకాలంలో ఎర్రగా, నారింజ రంగులో మెరిసే చిన్న పిల్లల గుంపు నీటి పైన ముద్దగా తిరుగుతూ కనిపిస్తుంది. అవి కొర్రమట్ట పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో ఏది దగ్గరికి వచ్చినా మీదికి దూకుతాయి కాబట్టి పట్టడం చాలా సులువు. చాలామంది పట్టేదే అప్పుడు. పెద్దవాటిని తీసేస్తే ఆ గుంపును సాయంత్రానికల్లా మిగతా చేపలు, కొంగలు ఖాళీ చేస్తాయి. ఆ కుంటలో రెండేళ్ల పాటు మళ్లీ కొర్రమట్ట ఊసుండదు. సంతలో కొర్రమట్ట ధర చూసి ఆశపడేవాళ్లకు ఇది చెప్పినా ఎక్కదు, మీకు చెప్తున్నాను.

కుంటల్లో ఇంకో సంగతి. ఇంగిలాయి పడితే వట్టి చేత్తో పట్టుకోవద్దు. రెక్కల దగ్గర ముల్లు గుచ్చుకుంటే తేలు కుట్టినట్టే మంట. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది, వాపు ఎక్కువైతే డాక్టరు దగ్గరికి పోవాలి. జెల్ల ముల్లు కూడా తక్కువది కాదు. తుంగలో పాములుంటాయి, గమ్‌బూట్లు వేసుకోండి.

వాగులు, నదులు. ఆకేరు, మున్నేరు, మానేరు, మోరంచ వాగు, జంపన్న వాగు — ఎండాకాలం చూస్తే ఇసుక, మధ్యలో పలచగా ఒక పాయ. అప్పుడు చేపంతా మడుగుల్లో చేరుతుంది. మడుగు ఎక్కడుంటుంది? వాగు వంపు తిరిగిన చోట బయటి ఒడ్డు కింద, బండరాయి అడ్డం వచ్చిన చోట దాని వెనక, పాత వంతెన స్తంభాల దగ్గర, చెక్‌డ్యాం కింద. వంపు లోపలి వైపు ఇసుక మేట వేసి పలచగా ఉంటుంది, కూర్చోవడానికి బాగుంటుంది కాబట్టి కొత్తవాళ్లు అక్కడే కూర్చుంటారు. చేప ఎదుటి ఒడ్డున, చెట్ల వేళ్ల కింద ఉంటుంది. లోపలి ఒడ్డున కూర్చున్నా సరే, ఎర మాత్రం ఆ వేళ్ల దాకా పోవాలి.

మానేరులో కరీంనగర్ ఎల్ఎండీ (లోయర్ మానేరు డ్యాం) పైన నీళ్లు విశాలంగా పరుచుకుని ఉంటాయి. డ్యాం నిండితే 24 టీఎంసీలు. నీళ్లు తగ్గే కొద్దీ ఒడ్డు కిలోమీటర్ల మేర వెనక్కి జరుగుతుంది, పోయినవారం కూర్చున్న చోటు ఈవారం పొడినేల. అందుకే అక్కడ చోటు చెప్పడం కష్టం, పాత వాగు దారి ఎటు పోయిందో చూసుకుని దాని అంచున వేయాలి. డ్యాం కట్ట దగ్గర సెక్యూరిటీ ఉంటుంది, అటు పోవద్దు. డ్యాం కింద మానేరులో మడుగులున్నాయి గానీ ఇసుక తోడిన గుంతలు కూడా ఉన్నాయి. నీళ్లున్నప్పుడు ఏది మడుగో ఏది గుంతో తెలియదు, అంచు ఇసుక కాలి కింద జారిపోతుంది. ఒడ్డు మీద నుంచి మాత్రమే వేయండి.

కాకతీయ కాలువ మీద కూడా గాలాలు వేస్తుంటారు. నీళ్లు నడుస్తున్నప్పుడు వద్దు. సిమెంటు ఏటవాలు, పాచి. జారితే ఈతగాడు కూడా పైకి ఎక్కలేడు. నీళ్లు ఆపిన తర్వాత వంతెనల కింద నిలిచిన గుంతల్లో మాత్రం జిలేబీలు, రవ్వలు చిక్కుకుని ఉంటాయి. అది రెండు మూడు వారాల ముచ్చట, ఆ తర్వాత ఊళ్లోవాళ్లు వల తెచ్చి ఊడ్చేస్తారు.

గోదావరి. ఏటూరునాగారం, మంగపేట దగ్గర నది విశాలంగా ఉంటుంది. ముల్లకట్ట వంతెన పరిసరాలు, జంపన్న వాగు లాంటివి వచ్చి కలిసే చోట్లు, రాతి గుట్టలు నీళ్లలోకి చొచ్చుకొచ్చిన చోట్లు నాకు ఇష్టం. వాగు నీరూ నది నీరూ కలిసే చోట ఒక పక్క వేగం, ఒక పక్క నిలకడ. చేప నిలకడలో నిలబడి వేగంలో కొట్టుకొచ్చే తిండి అందుకుంటుంది. వాలుగ కోసం అయితే పొద్దుగూకే వేళ, చిన్న చేపనో కోడి పేగులనో గుచ్చి మడుగు అంచున వేయాలి. పగలు అది లోతున పడుకుంటుంది. పళ్లు పదునుగా ఉంటాయి, గాలం దగ్గర స్టీలు తీగ లేకపోతే దారం కొరికి పోతుంది.

ఇక్కడ పైన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉందని మరిచిపోవద్దు. పైన గేట్లు ఎత్తితే మీ దగ్గర వాన చినుకు లేకపోయినా నీళ్లు పెరుగుతాయి. ఇసుక దిబ్బ మీదికి నడిచి పోయి కూర్చోవడం ఎంత హాయిగా ఉన్నా, వెనక పాయ నిండితే తిరిగి రావడానికి దారుండదు. నేను వచ్చిన వెంటనే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. ఆ పుల్ల మునిగితే ఎంత బాగా పడుతున్నా లేచిపోతాను. కాళేశ్వరం వైపు సంగతి మారింది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక అక్కడ నీళ్లు నిలపడం ఆపేశారు, దాంతో బ్యాక్‌వాటర్ పోయి ఎండాకాలం మళ్లీ ఇసుక దిబ్బలు, పాయలు తేలాయి. బ్యాక్‌వాటర్ రోజుల్లో ఎవరైనా చెప్పిన చోట్లు ఇప్పుడు పనికిరావు. ప్రాణహిత కలిసే చోటు అందంగా ఉంటుంది, కానీ స్నానాల ఘాట్ల దగ్గర గాలం తీయకండి, భక్తుల కాళ్లకు ముళ్లు గుచ్చుకుంటాయి. మంథని, మంచిర్యాల మధ్య శివారం అభయారణ్యం వైపు అసలు వద్దు, అక్కడి నదిలో మొసళ్లున్నాయి. కడెం పైన కవ్వాల్ పులుల అడవి, అదీ అంతే.

వాగుల వరదను తక్కువ చేసి చూడకండి. 2023 జులైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ఆకేరు, మున్నేరు చేసిన పని అందరూ చూశారు. జూన్ నుంచి అక్టోబర్ దాకా నేను వాగుల్లో, నదిలో గాలం వేయను. ఆ నెలల్లో చెరువు శిఖం, కుంటలు చాలు. మృగశిర కార్తె నాడు చేప తినాలి కాబట్టి ఆ ముందురోజు మాత్రం అందరితో పాటు నేనూ ఎక్కడో ఒకచోట కూర్చుంటాను. ఆ రోజు మార్కెట్‌లో ధర అడగలేం.

వేళ గురించి పుస్తకాల్లో, వీడియోల్లో తెల్లవారుజామునే పోవాలంటారు. నదికి, తేట చెరువుకు అది నిజమే. నాచు, నీట మునిగిన మొక్కలు నిండిన చెరువుల్లో నిజం కాదు. రాత్రంతా ఆ మొక్కలు కూడా నీళ్లలోని ఆక్సిజన్ పీల్చుకుంటాయి, తెల్లారేసరికి అది అడుగంటుతుంది. రవ్వలు, బొచ్చెలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. "అబ్బ, ఎన్ని చేపలో" అని సంబరపడతాం, ఒక్కటీ ఎర ముట్టదు. ఊపిరాడని చేప తిండి తినదు. ఎండ పడి మొక్కలు మళ్లీ ఆక్సిజన్ వదిలాక, ఎనిమిదీ తొమ్మిది తర్వాత తింటాయి. డిసెంబర్, జనవరి చలిలో అయితే పది నుంచి మూడు దాకా మంచి వేళ. కాబట్టి ఆదివారం నాలుగింటికి లేవక్కర్లేదు, టిఫిన్ చేసి బయల్దేరండి.

గాలి ఎటు వీస్తుందో కూడా చూడండి. గాలి తోసుకెళ్లిన వైపు ఒడ్డుకు నీటి పైన తేలే సన్నటి తిండి చేరుతుంది. బొచ్చె పైన తినే చేప, కాబట్టి అటే వస్తుంది. ముఖం మీద గాలి కొడుతూ, దారం వెనక్కి వచ్చి విసుగు పుడుతుంది. అయినా ఆ ఒడ్డే మంచిది. మా బావమరిది ఎప్పుడూ గాలికి వీపు పెట్టి హాయిగా కూర్చుంటాడు, సాయంత్రం నా సంచిలోంచి పంచుకుంటాడు.

ఎర సంగతి ఎక్కువ చెప్పను, ఎవరి మందు వాళ్లది. రవ్వకు నేను వేయించిన తవుడు, పల్లీ చెక్క పొడి, గోధుమపిండి కలిపి, కొంచెం సోంపు దంచి వేసి గట్టిగా పిసుకుతాను. అదే పిండి గుప్పెడు ముందుగా చోట్లో చల్లి అరగంట ఆగుతాను. మృగాల, బంగారుతీగ అడుగున తింటాయి కాబట్టి ఎర నేలను తాకాలి. రవ్వకు అడుగు కంటే కొంచెం పైన. బొచ్చెకు ఇంకా పైకి. బెండు జరిపి లోతు మార్చుకోవడం నేర్చుకుంటే సగం పని వచ్చినట్టే. జిలేబీకి, జెల్లకు ఎర్ర చాలు.

కరెంటు వైర్లు, మందు, తూటాలు పెట్టేవాళ్లు ఎక్కడైనా కనిపిస్తే ఆ నీళ్ల దగ్గర ఉండకండి. తూటాలు, విషం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. కరెంటుకు పక్కవాళ్లు చచ్చిన సంగతులు మన జిల్లాలో కూడా వింటూనే ఉన్నాం. తాబేలు గాలానికి పడితే ఇంటికి తేవద్దు, ముల్లు జాగ్రత్తగా తీసి, కుదరకపోతే దారం దగ్గరగా కోసి వదిలేయండి.

మీ బాబు కోసం. పెద్ద రీలు ఇవ్వకండి, విసుగొస్తుంది. వెదురు కట్టె, రెండు నిలువుల దారం, చిన్న బెండు, చిన్న గాలం, ఎర్ర ముక్క. కట్ట రాళ్ల దగ్గర నీడ ఉన్న చోట జిలేబీలు, పరకలు గంటలో కొన్నైనా తగులుతాయి. పిల్లలకు పెద్ద చేప కంటే బెండు మాటిమాటికీ మునగడం ముఖ్యం. లైఫ్ జాకెట్ కొనండి, ఊరివాళ్లు నవ్వినా సరే. ఉరుము వినిపిస్తే కట్ట దిగి, చెట్టు కిందికి కాకుండా కారులోకి పోండి. కార్బన్ రాడ్డు చేతిలో ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు చెరువులు నిండుగా ఉన్నాయి, యాసంగి నీళ్లు ఇంకా వదల్లేదు. ఈ ఆదివారం మీ ఆఫీసులో పల్లెటూరి నుంచి వచ్చే వాళ్లెవరైనా ఉంటే వాళ్ల ఊరి సంఘం వాళ్లతో మాట్లాడించుకుని పోండి. తూము పక్కన ఒక గాలం అడుగుకు, ఒకటి బెండుతో. మధ్యాహ్నం దాకా కదలిక లేకపోతే వాగు మూలకు మారండి, అంతకంటే ఎక్కువ తిరగవద్దు. వచ్చేటప్పుడు సంచి విప్పి కాపలా ఆయనకు ఏం పడ్డాయో చూపించండి, వదిలిన రకాలేవైనా ఉంటే ఆయన చెప్పినట్టు చేయండి. రెండోసారి పోయేసరికి ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెప్తాడు.